ఇవాళ్టికి సరిపడా నిరీక్షణ: కష్టకాలంలో ప్రార్థన, కృతజ్ఞత ఎలా మొదలుపెట్టాలి

మన తెలుగు బైబిల్లో ఒక మాట నాకు చాలా ఏళ్లు మింగుడుపడలేదు. మామూలుగా 'ఆశ' అనుకునే చోట అక్కడ 'నిరీక్షణ' అని ఉంటుంది. విశ్వాసము, నిరీక్షణ, ప్రేమ అని కదా చదువుతాం. బయట ఆ మాటకు అర్థం ఎదురుచూడడం. బస్టాపులో నిరీక్షిస్తాం, ఆపరేషన్ థియేటర్ బయట నిరీక్షిస్తాం, ఇంటర్వ్యూ అయ్యాక ఫోన్ కోసం నిరీక్షిస్తాం. ఎదురుచూడడం దేవుడిచ్చే వరం ఎలా అవుతుందో నాకు అర్థమయ్యేది కాదు.

2020లో లాక్‌డౌన్ వచ్చిన మూడో నెలలో నేను లెక్కలు రాసే ఆఫీసు మూసేశారు. మా ఆయన జీతం సగమైంది. తార్నాకలో అద్దె ఇల్లు, ఇద్దరు పిల్లలు, ఆన్‌లైన్ క్లాసులకు ఇంట్లో ఒక్కటే ఫోన్. ఆ తర్వాత కొన్నాళ్లకు నాన్న జబ్బుపడ్డారు. ఉస్మానియా ఆస్పత్రిలో ఆయన్ని చూసుకుంటున్న రోజుల్లో, ఆవరణలో ఉన్న పాత చింతచెట్టు దగ్గరికి వెళ్లి కూర్చునేదాన్ని. 1908 సెప్టెంబర్ 28న మూసీ నది పొంగి హైదరాబాద్‌లో వేల ఇళ్లు కొట్టుకుపోయినప్పుడు, ఆ చెట్టెక్కి సుమారు 150 మంది బతికారు. వాళ్లు నదిని తగ్గించలేదు, తగ్గించే శక్తి వాళ్లకు లేదు. నీళ్లు దిగేదాకా కొమ్మను వదల్లేదు, అంతే. నిరీక్షణ అంటే ఏమిటో నాకు అక్కడ తెలిసింది.

నేను పాస్టర్‌ను కాను, వేదాంతం చదువుకోలేదు. ఆ రెండేళ్లలో నేను చేసి చూసినవి, ఇప్పటికీ చేస్తున్నవి రాస్తున్నాను. మీరు ఇప్పుడు అలాంటి నీళ్లలోనే ఉంటే అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. మొదటి రెండూ ఈ వారం చేస్తే చాలు.

1. ముందు అన్నం, నిద్ర

ఇది ఆత్మీయ విషయంలా అనిపించదు. కానీ రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయం ఒకసారి తీసి చూడండి. ఏలీయా ప్రవక్త ప్రాణభయంతో అరణ్యంలోకి పారిపోయి, ఒక చెట్టు కింద కూర్చుని ఇక చావే మేలు అంటాడు. దేవుడు ఆయన్ని తిట్టలేదు, విశ్వాసం గురించి ప్రసంగమూ చేయలేదు. దేవదూతను పంపి రొట్టె, నీళ్లు పెట్టించాడు. ఏలీయా తిని పడుకున్నాడు. దూత మళ్లీ లేపి మళ్లీ తినమన్నాడు. దేవుని మెల్లని స్వరం వినిపించడం ఆ తర్వాతి సంగతి.

కాబట్టి ఆకలి లేకపోయినా రాత్రి నాలుగు ముద్దలు పెరుగన్నమైనా తినండి. పదింటికి ఫోన్ పక్క గదిలో పెట్టేయండి. అప్పు ఇచ్చినవాళ్ల మెసేజ్ రాత్రి పన్నెండింటికి చదివినా ఉదయం ఎనిమిదింటికి చదివినా అందులో అంకె మారదు. ఉపవాస ప్రార్థన మంచిదే. కానీ మూడు రోజులుగా నిద్రలేనివాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు ఇప్పుడు దాని జోలికి వెళ్లొద్దని నా మనవి. ఏలీయాకు దేవుడు ముందు పెట్టించింది భోజనమే కదా.

2. ఫిర్యాదు నేరుగా ఆయనకే చెప్పండి

మన ఇళ్లలో చిన్నప్పటి నుంచి ఒక అలవాటు చేస్తారు. ఎవరైనా ఎలా ఉన్నారంటే "దేవుని కృప, బాగున్నాం" అనాలి. బయటివాళ్లకు అలా చెప్పొచ్చు. ప్రార్థనలో కూడా అదే చెప్పుకుంటూ పోతే లోపల గడ్డకట్టుకుపోతాం. నాకు అలాగే అయింది. నాలుగు నెలలు స్తోత్రం, స్తోత్రం అంటూనే ఒకరోజు గిన్నెలు తోముతూ సింక్ దగ్గరే కూలబడిపోయాను.

కీర్తనలు 13వ అధ్యాయం తీయండి. ఆరే వచనాలు. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని మొదలవుతుంది. దావీదు దేవుడి మొహం మీదే అడుగుతున్నాడు. దాన్ని అవిశ్వాసం అని ఎవరూ బైబిల్లోంచి తీసేయలేదు. గుడ్ ఫ్రైడే ఆరాధనలో సిలువ మీది ఏడు మాటలు ధ్యానిస్తాం కదా, నాలుగో మాట గుర్తు చేసుకోండి. "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి" అని యేసుప్రభువే అడిగాడు. ఆయన అడిగిన మాట మనం అడిగితే తప్పవుతుందా?

ఆ కీర్తన పోకడ చూసి మీ ప్రార్థన మీరు రాసుకోండి. ముందు పిలుస్తాడు, తర్వాత ఫిర్యాదు చేస్తాడు, తర్వాత కావలసింది అడుగుతాడు, చివర్లో ఒక్క మాట నమ్మకంతో ఆనుకుంటాడు. గ్రాంథికంలో ప్రార్థించాల్సిన పని లేదు. ఇంట్లో మాట్లాడే భాషలోనే రాయండి. నేను రాసుకున్నది ఇలా ఉంది:

"ప్రభువా, ఈ నెల అద్దె ఎక్కణ్నుంచి తేవాలో తెలియట్లేదు. నాలుగు చోట్ల ఇంటర్వ్యూకి వెళ్లాను, ఒక్కరూ ఫోన్ చేయలేదు. నువ్వు చూస్తున్నావా? నాకు నీ మీద కోపంగా ఉంది. పదో తారీఖులోపు ఏదో ఒక దారి చూపించు. నువ్వు చెయ్యి వదలవని అమ్మ చెప్పేది. నాకు ఇవాళ అంత నమ్మకం లేదు. అయినా నీ దగ్గరికే వచ్చాను."

చివరి మాట కొన్ని రోజులు నోటికి రాదు. రానప్పుడు బలవంతంగా అనకండి. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది, పైకి లేవదు. అదీ దేవుని వాక్యమే. ఆ రోజుకు దాన్నే చదివి ఆమెన్ అనండి.

ఏడవడానికి ఇంట్లో చోటు లేకపోతే బయట వెతుక్కోండి. ఒకే గదిలో అయిదుగురు ఉండే ఇళ్లు మన ఊళ్లో ఎన్నో. సికింద్రాబాద్ సెయింట్ మేరీస్‌లోనో గన్‌ఫౌండ్రీ సెయింట్ జోసెఫ్ కెథెడ్రల్‌లోనో వారం మధ్యలో వెళ్లి వెనక బెంచీలో కూర్చుంటే మీరెందుకు వచ్చారని అడిగేవాళ్లుండరు. మేము ప్రొటెస్టెంట్లం. అయినా సెయింట్ మేరీస్‌లో ఆ వెనక బెంచీ నన్ను ఎన్నోసార్లు మోసింది. కొత్త ఉద్యోగం వచ్చాక మెట్రోనే నాకు ప్రార్థన గది అయింది. తార్నాకలో ఎక్కి రాయదుర్గంలో దిగేదాకా కళ్లు మూసుకుంటే నిద్రపోతున్నాననుకుంటారు.

3. రోజును చిన్నది చేసుకోండి

"మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" అని రోజూ ప్రార్థిస్తాం. ఈ నెలాహారము అనో ఈ సంవత్సరాహారము అనో అడగమని ప్రభువు నేర్పలేదు. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు తిండిగా ఆకాశం నుంచి మన్నా కురిసినప్పుడు కూడా ఏ రోజుది ఆ రోజే ఏరుకోమన్నాడు. రేపటికి దాచుకున్నవాళ్లది పురుగుపట్టి కంపుకొట్టిందని నిర్గమకాండం 16లో ఉంది. విశ్రాంతి దినానికి ముందు రోజు మాత్రం రెండింతలు ఏరుకోవచ్చు.

దీన్ని ఆచరణలో పెట్టడానికి ఒక నోట్‌బుక్ కొనండి. పిల్లల పాత నోట్‌బుక్‌లో మిగిలిన కాగితాలైనా సరే. ఉదయం లేవగానే ఒక పేజీలో ఇవాళ్టికి కావలసినవి మాత్రమే రాయండి. "నాన్నకు మందులు. చిన్నోడి ఫీజు గురించి స్కూల్లో మాట్లాడే ధైర్యం. గ్యాస్ అయిపోకుండా ఉండాలి." ఆ మూడింటి కోసమే ప్రార్థన చేయండి. వచ్చే నెల, వచ్చే ఏడాది, పెద్దమ్మాయి పెళ్లి లాంటివి మనసులోకి వస్తే వాటిని నోట్‌బుక్ వెనక పేజీలో రాసి పక్కన పెట్టేయండి.

వెనక పేజీని గాలికి వదిలేయమని కాదు. దానికి వారంలో ఒక రోజు పెట్టుకోండి. మేము శనివారం సాయంత్రం పెట్టుకున్నాం. మా ఆయన, నేను టీ తాగుతూ గంటసేపు అప్పుల లెక్క, రావలసిన డబ్బు, ఎవరిని అడగాలి అన్నీ మాట్లాడుకునేవాళ్లం. మిగతా ఆరు రోజులు ఆ మాట ఎత్తకూడదని ఒప్పందం. మొదటి వారమే రెండుసార్లు తప్పాం. నెల తిరిగేసరికి మా ఇంట్లో గొడవలు సగానికి సగం తగ్గాయి.

4. కృతజ్ఞత రాయడం

ఇక్కడే చాలామంది తప్పు దారి పడతారు, నేనూ పడ్డాను. అందుకే కొంచెం వివరంగా చెప్తాను.

థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రికలో "ప్రతివిషయమునందును కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి" అని ఉంది. 'నందు' అన్న చిన్న మాట దగ్గర ఆగండి. ఉద్యోగం పోయినందుకు స్తోత్రం చెప్పమని కాదు. నాన్న ఊపిరితిత్తులు పాడైనందుకు వందనాలు చెప్పమని కాదు. ఆ కష్టం లోపల ఉండి, అక్కడ దొరికిన దానికి చెప్పమని. ఇది తెలియక ఎంతమంది బిడ్డను పోగొట్టుకున్న తల్లి దగ్గరికి వెళ్లి "దీనికి కూడా స్తోత్రం చెప్పు తల్లీ" అన్నారో! దయచేసి ఎవరితోనూ అలా అనకండి. స్నేహితుడు లాజరు సమాధి దగ్గర యేసు కన్నీళ్లు విడిచాడు, స్తుతిగీతం పాడించలేదు.

ఇక రాయడం ఎలాగంటే, రాత్రి పడుకునే ముందు, ఉదయం రాసిన పేజీ కిందే మూడు వాక్యాలు రాయండి. మూడుకు మించొద్దు. ప్రతి వాక్యంలో ఒక మనిషో, ఒక వస్తువో, ఒక వేళో ఉండాలి. "దేవుడు చేసిన అన్ని మేళ్లకు స్తోత్రం" అని రాస్తే మనసుకు ఏదీ అంటదు. నా నోట్‌బుక్‌లో ఉన్నవి కొన్ని చెప్తాను. "కిరాణా అతను ఖాతా అడగకుండానే బియ్యం ఇచ్చాడు." "నైట్ డ్యూటీ సిస్టర్ నాన్న దుప్పటి సరిచేసి వెళ్లింది, మేము పిలవలేదు." "మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చేలోపు పిల్లలు నాతో అంత్యాక్షరి ఆడారు." "వాన ఆగాక వేపచెట్టు వాసన."

మొదటి వారం రాయడానికేమీ దొరకదు. అప్పుడు కాళ్లు పనిచేస్తున్నాయనో నీళ్ల ట్యాంకర్ వచ్చిందనో రాయండి. పది రోజులు దాటాక పగలంతా కళ్లు వాటంతటవే వెతకడం మొదలుపెడతాయి. రాత్రికి ఏది రాయాలి అని మనసు గమనిస్తూ ఉంటుంది. కష్టం అలాగే ఉంటుంది. కానీ రోజంతా కష్టమే ఉందన్న అబద్ధం మాత్రం నిలవదు.

వారానికి ఒకసారి, పేజీలో ఉన్న మనిషికి ఆ మాట నోటితో చెప్పండి. వాచ్‌మన్‌కు చెప్పండి, పక్కింటి ఆంటీకి చెప్పండి, మీ అత్తగారికి చెప్పండి. సిస్టర్‌కు నేను చెప్పినప్పుడు ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ వారమంతా ఆమెను పలకరించినవాళ్లు లేరట.

ఒక జాగ్రత్త. "మనకంటే అధ్వాన్నంగా ఉన్నవాళ్లు ఎంతమంది లేరు" అనుకుని తెచ్చుకునే కృతజ్ఞత వద్దు. లూకా 18లో పరిసయ్యుడు, అంటే ధర్మశాస్త్రం నిష్ఠగా పాటించే మతస్థుడు, చేసిన ప్రార్థన అలాంటిదే. పక్కనున్న సుంకరిలా, అంటే పన్నులు వసూలు చేసేవాడిలా, తాను లేనందుకు దేవుడికి కృతజ్ఞత చెప్పాడు. నీతిమంతుడని తీర్పు పొంది ఇంటికి వెళ్లింది మాత్రం ఆ సుంకరే. ఇంకొకరి దుఃఖం మీద నిలబడి మనం ఊపిరి పీల్చుకోకూడదు.

5. నలుగురిని వెతుక్కోండి

మార్కు 2వ అధ్యాయంలో పక్షవాయువు గలవాణ్ని నలుగురు మోసుకొచ్చి, జనం అడ్డంగా ఉంటే ఇంటి కప్పు విప్పి దింపారు. యేసు "వారి విశ్వాసము" చూశాడని ఉంది. మంచం మీద ఉన్నవాడికి ఆ వేళ ఎంత విశ్వాసం ఉందో అక్కడ ప్రస్తావనే లేదు. మీకు నమ్మే శక్తి లేని రోజులు వస్తాయి. అప్పుడు మోసేవాళ్లు కావాలి, వాళ్లను ముందే చూసిపెట్టుకోవాలి.

సంఘమంతటికీ చెప్పాల్సిన పని లేదు. ఆదివారం మైకులో ప్రార్థన మనవి చదివిస్తే కొన్నిసార్లు మన ఇంటి సంగతి బస్తీ అంతా తిరిగొస్తుంది. నోరు జారని ఇద్దరిని, మహా అయితే నలుగురిని ఎంచుకోండి. అడిగేటప్పుడు స్పష్టంగా అడగండి. "అక్కా, మా కోసం ప్రార్థన చేయండి" అంటే ఆమెకు ఏం చేయాలో తెలియదు. "అక్కా, గురువారం నాన్నకు స్కాన్ ఉంది. పదకొండింటికి అయిదు నిమిషాలు ప్రార్థన చేస్తారా? సాయంత్రం ఒక్కసారి ఫోన్ చేయండి" అనండి. కూర పంపమనండి, పిల్లల్ని రెండు గంటలు చూడమనండి. మగవాళ్లకు ఇది మరీ కష్టం. మా ఆయన తన బాధ మొదటిసారి ఇంకొకరితో చెప్పుకోవడానికి ఏడాది పట్టింది. చెప్పాక సంఘంలో ఒక అన్నయ్య రెండు నెలలు ప్రతి మంగళవారం వచ్చి ఊరికే కూర్చుని వెళ్లేవాడు. బైబిల్లో అన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు చేసిన మంచి పని కూడా అదే. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు మాట్లాడకుండా పక్కన కూర్చున్నారు. నోరు విప్పాకే చెడగొట్టారు.

6. దూరంగా ఉండాల్సినవి

ఇంత కానుక వేస్తే అంత అప్పు తీరుతుందని ఎవరైనా లెక్క చెప్తే, ఎంత పెద్ద స్టేజీ మీద నుంచి చెప్పినా సరే, ఆ డబ్బు ఇంట్లో మందులకు ఉంచుకోండి. నీ ఇంట్లో ఏదో పాపం ఉంది, అందుకే ఈ జబ్బు అన్నవాళ్లకు యోహాను సువార్త 9వ అధ్యాయం చూపించండి. పుట్టు గుడ్డివాడి విషయంలో శిష్యులు ఇదే అడిగితే, వీడైనా వీడి తల్లిదండ్రులైనా పాపం చేయలేదని ప్రభువు తేల్చి చెప్పాడు. ప్రార్థన చేశాం కాబట్టి బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు, మానసిక వైద్యుడు రాసిన మాత్రలు ఆపేయమంటే వినకండి.

ఇంకొకటి, ఇది చాలా ముఖ్యం. రెండు మూడు వారాలుగా నిద్ర లేదు, తిండి లేదు, బతకాలని లేదు అనిపిస్తుంటే ఆ సంగతి ఈ నోట్‌బుక్‌తో తేలేది కాదు. 14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్, ప్రభుత్వం నడిపే ఉచిత మానసిక ఆరోగ్య సేవ, తెలుగులో మాట్లాడతారు. ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఆ పేరుకు సిగ్గుపడకండి. మా దగ్గరి బంధువు ఒకరు అక్కడ చూపించుకుని కోలుకున్నారు, ఇప్పుడు మా సంఘంలో పాటలు పాడిస్తున్నారు.

7. పాట

పౌలు, సీల ఫిలిప్పీ చెరసాలలో మధ్యరాత్రి పాడారు. ఆ తర్వాత భూకంపం వచ్చి తలుపులు తెరుచుకున్నాయి గానీ, అది వస్తుందని తెలిసి పాడలేదు. మీకు అమ్మో నాన్నమ్మో నేర్పిన ఒక పాత కీర్తన ఉంటుంది. దాన్నే వంట చేస్తూ పాడండి, గొంతు బాగాలేకపోయినా. ఫోన్‌లో పెట్టుకుని వినడం వేరు, నోటితో పాడడం వేరు.

8. రాయి నిలబెట్టండి

సమూయేలు ప్రవక్త ఒక రాయి నిలబెట్టి ఎబెనెజరు అని పేరు పెట్టాడు. "ఇంతవరకు యెహోవా మనకు సహాయము చేసెను" అని. మన ఇళ్ల గోడల మీద ఆ పేరు ఎన్నోసార్లు చూసే ఉంటారు. సమూయేలు చెప్పింది 'ఇంతవరకు' అనే. ముందు ఏమవుతుందో ఆ రాయి మీద రాయలేదు.

నెలాఖరున నోట్‌బుక్ మొదటి నుంచి చదవండి. ఉదయం అడిగినవాటిలో తీరినవాటి పక్కన తేదీ వేయండి. తీరనివి తీరనివిగానే ఉంచండి, వాటికి అర్థం వెతక్కండి. మా నాన్న కోలుకోవాలని నేను అరవైకి పైగా పేజీల్లో రాశాను. ఆయన కోలుకోలేదు. ఆ పక్కన ఏ తేదీ వేయలేదు, ఖాళీగానే ఉంది. అవే పేజీల కింద సిస్టర్ దుప్పటి ఉంది, కిరాణా అతని బియ్యం ఉన్నాయి, నాన్న చివరిసారి నా పేరు పెట్టి పిలిచిన సాయంత్రం ఉంది. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనకు వెళ్లి కొత్త ఏడాదికి వాక్యం రాసి ఇచ్చే వాగ్దానం కార్డు తీసుకునే ముందు ఆ ఏడాది నోట్‌బుక్ మొత్తం ఒకసారి తిరగేస్తాను. కొత్త వాగ్దానం చేతికొచ్చే ముందు పాత ఏడాది ఎలా గడిచిందో గుర్తుండాలి కదా.

వీలైతే ఒక రోజు మెదక్ చర్చికి వెళ్లండి. సికింద్రాబాద్ జూబ్లీ బస్ స్టేషన్ (జేబీఎస్)లో బస్సు ఎక్కితే దాదాపు వంద కిలోమీటర్లు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి కరువులో ఆకలితో ఉన్న పల్లెల వాళ్లకు కూలి, తిండి దొరకాలని చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మెథడిస్టు మిషనరీ ఆ చర్చి పని పెట్టించాడు. రాళ్లు మోసినవాళ్లు ఆ పూట అన్నం కోసం మోశారు. పదేళ్లు పట్టి, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. రంగుటద్దాల కిటికీలు మూడున్నాయి, యేసు జననం, సిలువ, ఆరోహణం. బయటి వెలుగుంటేనే అవి లోపలికి కనిపిస్తాయి కాబట్టి పొద్దుండగానే చేరుకోండి. పులిహోర కట్టుకెళ్లండి, ఆవరణలో చెట్ల నీడ ఉంది. తిన్నాక నోట్‌బుక్ తీసి మొదటి పేజీ చదువుకుని, కొత్త పేజీలో ఆ రోజు తేదీ వేసి, ఆ రోజువి మూడు రాయండి.